గుంట చెంపల చాకు

మంగళవారం

కూరగాయల కత్తిని పిండి డబ్బాలో అడుక్కి నెట్టేశాను. రొట్టె కోసే కత్తి పరుపు కింద పెట్టాను. కత్తెరలు పాతగుడ్డలో చుట్టి అటక మీదికి విసిరాను. మావయ్యగారి చాకు, మా ఆయన చాకు మాత్రం మావాడి బూట్లలో దాచాను, కుడి బూటులో ఒకటి, ఎడమ బూటులో ఒకటి. ఆ బూట్ల జోలికి ఆయన వెళ్ళరు. వాడు పోయినప్పటి నుంచి అటువైపు తల కూడా తిప్పడం లేదు.

షెడ్డులో ఉన్నవాటిని ఏం చెయ్యను? వీధిలో అందరి కత్తులూ అక్కడే ఉన్నాయి. కత్తులు సానపట్టే ఇంట్లో కత్తులు దాచడమంటే చేపకి నీళ్ళు కనబడకుండా చెయ్యడమే. ఈ ముక్క రాస్తుంటే నవ్వొచ్చింది. నవ్వానని తెలియగానే నోరు మూసుకున్నాను, ఎవరైనా విన్నారేమోనని.

నిద్ర పట్టడం లేదని వెళ్తే ఆసుపత్రి నర్సమ్మ మాత్రలతో పాటు ఈ సలహా కూడా ఇచ్చింది. "ఎవరికీ చెప్పుకోలేనివి కాగితం మీద పెట్టమ్మా. ఎవరూ చూడరు" అంది. నేను ఐదో తరగతితో ఆపేసినదాన్ని. ఒత్తులు తప్పుతాయి. పోనీ. చూసేదెవరు.

ఆయనకి ఏమీ లేదు. అలసట. అంతే.

బుధవారం

చక్రం పొద్దుటి నుంచి తిరుగుతూనే ఉంది. మంచిదే.

గురువారం

చక్రం తిరుగుతున్నంతసేపూ నాకు భయం లేదు. ఆగితేనే. ఆగగానే చేతిలో పని వదిలేసి షెడ్డు గుమ్మంలోకి వెళ్ళి నిలబడతాను. "ఏంటి?" అంటారు. "టీ తాగుతారా" అంటాను. ఈరోజు ఎన్నిసార్లు అన్నానో. చివరికి ఆయన, "నన్ను టీలో ముంచి చంపుతావా ఏంటే" అన్నారు.

ఆ మాట ఆయన నోటి నుంచి రాగానే గ్లాసు వదిలేశాను. పగిలింది. గాజుముక్కలన్నీ ఏరి, వంటింట్లో బల్ల మీద మళ్ళీ గ్లాసులా పేర్చి చూశాను, ఏదైనా ముక్క తక్కువైందేమోనని. అడుగు దగ్గర చిన్న పెచ్చు ఒకటి కనబడలేదు. మోకాళ్ళ మీద షెడ్డంతా వెతికాను. ఆయన చూస్తూ కూర్చున్నారు, ఏమీ అడగలేదు. అడక్కపోవడానికే నాకు భయం వేసింది.

పెచ్చు నా చెప్పు కింద అంటుకుని ఉంది.

శుక్రవారం

ఆ సంగతి ఒక్కసారి రాసేస్తాను. మళ్ళీ రాయను.

మావాడు రేవులో లాంచీ మీద పనిచేసేవాడు. ఆ రోజు లాంచీ వెనక ఇసుక పడవను కట్టి లాగుతున్నారు. రెండు తాళ్ళు. ఒక తాడు మావాడు చూసుకోవాలి, రెండోది వాడి స్నేహితుడు బుంగ చూసుకోవాలి. బుంగ అన్నది మావాడు పెట్టిన పేరే, నోట్లో ఎప్పుడూ రెండు లడ్డూలున్నట్టుంటాయి ఆ కుర్రాడి బుగ్గలు. గాలి లేచింది. ఇసుక పడవ ఒక పక్కకి ఒరిగి మునిగిపోయింది. మునుగుతూ తాళ్ళని లాక్కుపోయింది. తాళ్ళు ఇద్దరి కాళ్ళనీ చుట్టుకుని నీళ్ళల్లోకి లాక్కుపోయాయి.

బుంగ పైకొచ్చాడు. తన కాలికున్న తాడు దానంతటదే జారిపోయిందని చెప్పాడు.

మావాణ్ణి తరవాత పైకి తీశారు. కాలికి తాడు అలాగే ఉంది, సగం కోసి ఉంది. చాకు నడుముకి కట్టుకున్న దారానికి వేలాడుతూ ఉంది, తెరిచే ఉంది. లాంచీ నడిపే సరంగు ఆ చాకుని చేతిరుమాల్లో చుట్టి తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన అందరి ముందూ రుమాలు విప్పి, మొహం దగ్గరగా పెట్టుకుని అంచు చూశారు. కొడుకు మొహం చూసినంతసేపు చూశారు. అంచంతా పళ్ళుపళ్ళుగా విరిగి, ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది.

ఆ చాకు సానపట్టింది ఆయనే.

అంతే. రాసేశాను.

శనివారం

వదిన వచ్చింది, ఆయన అక్కగారు. కొన్నాళ్ళుంటుందట. సంచి దించుతూనే వంటింట్లోకి వచ్చి క్యాబేజీ చేతిలోకి తీసుకుంది.

"కత్తేదే?"

"చేత్తో తుంచుకుందాం వదినా. లేతగానే ఉంది."

"లేతదా? దీంతో కొడితే దొంగ చస్తాడు. కత్తేదంటే?"

"సానకిచ్చాను."

"ఎవరికిచ్చావే సానకి? మీ ఆయనకేగా? ఇక్కణ్ణుంచి షెడ్డుకి పది అంగలు. ఒరే తమ్ముడూ, మీ ఆవిడ కత్తి ఎప్పుడిస్తావురా, మేం ఇక్కడ క్యాబేజీతో కుస్తీ పడుతున్నాం!"

చక్రం ఆగలేదు గనక నేను కదల్లేదు. వదిన నా మొహం చూసి గొంతు తగ్గించింది. "సరేలే. మా అత్త బతికున్నప్పుడు నాకు కత్తి ఇచ్చేది కాదు, ఆవిడ భయం ఆవిడది. చేత్తో తుంచడం అలవాటే" అంది. ఇద్దరం నేల మీద కూర్చుని ఆకు ఆకు విడదీశాం.

వదినకి చెప్పేద్దామనుకున్నాను. చెబితే నిజమైపోతుందేమోనని ఊరుకున్నాను.

ఆదివారం

మా ఇంట్లో చాకులకి చెంపలుంటాయి. వెన్ను నుంచి అంచు దాకా ఉండే పక్కభాగాన్ని మావయ్యగారు చెంప అనేవారు, మాకూ అదే అలవాటైంది.

మావయ్యగారి చాకుది నిండు చెంప. ఆయనకి మోటారు లేదు, ఒక్క సానరాయి. దాని మీద చాకుని మణికట్టు ఊపుతూ రాసేవారు, పిల్లని ఒళ్ళో పడుకోబెట్టి ఊపినట్టు. అలా ఊపుతూ రాస్తే చెంప ఉబ్బుగా, పుచ్చగింజలా తయారవుతుంది. అంచు వెనకాలే బోలెడు ఉక్కు ఉంటుంది. వెంట్రుక కోయదు. కానీ తోలు కోస్తుంది, కర్ర చెక్కుతుంది, మోకు కోస్తుంది, మళ్ళీ మర్నాడు కూడా కోస్తుంది. అప్పట్లో చాకు కొనేవాళ్ళకి అవే పనులు.

మా ఆయన చేతికి పని వచ్చేసరికి మోటారు వచ్చింది, బెల్టులా తిరిగే గరుకు పట్టా వచ్చింది. పట్టాకి ఆనిస్తే చెంప తిన్నగా, పలకలా వస్తుంది. పండ్లు కోసుకునేవాళ్ళు, పార్సిళ్ళు విప్పుకునేవాళ్ళు అదే బాగుందన్నారు. మావయ్యగారు దాన్ని వేళ్ళతో తడిమి, "ఇస్త్రీ పెట్టినట్టుందిరా. చాకుకి కాస్త పొట్టుండాలి, ఇంటాయనకి ఉన్నట్టు" అన్నారు. నేను అప్పటికి కొత్తకోడల్ని. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

మావాడికి పలక చెంప కూడా నచ్చలేదు. గుంట చెంప కావాలన్నాడు. గుండ్రటి చక్రం ఎదురుగా పెట్టి రెండువైపులా తొలిస్తే చక్రం వంపే చాకు చెంపల్లోకి దిగుతుంది. చెంపలు లోపలికి పీక్కుపోయి, అంచు మంగలి కత్తిలా పల్చబడుతుంది. ఇప్పుడందరికీ అదే కావాలి. షెడ్డు ముందు నిలబడి చేతి మీద వెంట్రుకలు గీసుకుని చూసుకుంటారు. మా వీధిలో సగంమంది కుర్రాళ్ళకి ఎడమ చెయ్యి నున్నగా ఉంటుంది, కుడి చెయ్యి ఎలుగుబంటిలా ఉంటుంది.

వాడి చాకు సానపడుతున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను, టీ గ్లాసులకోసం వెళ్ళాను.

"ఇంకా లోపలికి నాన్నా. ఇంకా."

"చాల్రా. అంచు ఒరిగిపోతుంది."

"తాత నీతో ఇదే అనేవాడు. ఇప్పుడు నువ్వు నాతో అంటున్నావు. నేను నా కొడుకుతో అంటాను. కానివ్వు, ఇంకొంచెం."

ఆయన నవ్వి ఇంకొంచెం పట్టారు. చక్రం గొంతు సన్నబడి సన్నబడి ఈల వేసినట్టు మోగింది.

సోమవారం

ఈరోజు మళ్ళీ ఆ ఈల విన్నాను.

గుడ్డలు పిండుతున్నాను. చక్రం మామూలుగా గరగరలాడుతోంది, ఉన్నట్టుండి గొంతు సన్నబడింది. ఉక్కు పల్చబడితేనే అలా మోగుతుంది. మధ్యమధ్య చుయ్‌మని నీళ్ళల్లో ముంచుతున్నారు, ఉక్కు వేడెక్కి నీలం తిరక్కుండా. మళ్ళీ ఈల. ఎవరి చాకు అది? ఈ వారంలో చాకులెవరూ ఇవ్వలేదు. వచ్చినవన్నీ వంటింటి కత్తులే, టైలరు కత్తెర ఒకటి.

తడి చేతులతోనే వెళ్ళాను. ఆయన ముందు కొత్త చాకు ఉంది, పిడి కూడా సరిగ్గా బిగించలేదు. పక్కనే రుమాలు మీద మావాడి చాకు. కొత్తదాన్ని సానపడుతూ, ఆపి, రెండూ పక్కపక్కన పెట్టి కన్ను దగ్గరకి తెచ్చుకుని చూస్తున్నారు.

"ఎవరికండీ అది?"

"నాకే."

"ఎందుకు?"

వేలితో అంచు తడిమారు. "ఇదొక్కటే మిగిలింది. ఇది అయిపోతే నాకింక పనిలేదు" అన్నారు.

గుడ్డలు అలాగే నీళ్ళల్లో ఉన్నాయి. మళ్ళీ పిండలేదు.

మంగళవారం

పనిలేదు అంటే ఈ వారం పని అయిపోయిందని. ఆయన మామూలుగానే అన్నారు. మాటలకి అర్థాలు వెతికితే ఎవరి మాటైనా భయంగానే ఉంటుంది.

మామూలుగానే అన్నారు.

బుధవారం

బూట్లు చూశాను. కుడి బూటు ఖాళీ. మావయ్యగారి చాకు లేదు.

ఆ బూట్లు ముట్టుకోరని కదా అక్కడ పెట్టాను.

ఎడమ బూటులోది తీసి నా జాకెట్లో పెట్టుకున్నాను. రోజంతా ఒంటికి చల్లగా తగులుతూనే ఉంది. ఆయన ఎదురుగా వంగడానికి కూడా భయం, జారి కింద పడుతుందేమోనని.

వదిన బజారు నుంచి వచ్చింది. "మీ ఆయన రేవు దగ్గర కనబడ్డాడే. సరంగుతో ఏదో మాట్లాడి పాతతాడు ఒక చుట్ట భుజాన వేసుకుని వస్తున్నాడు. బట్టలారేసుకోవడానికా? నిన్న నువ్వు గోడ మీద ఆరేసిన నా లంగా మేక తినబోయింది" అంది.

అవును వదినా, అందుకే అన్నాను.

అందుకే. బట్టలకే.

గురువారం

తాడు బకెట్లో నానబెట్టారు. బట్టలారేసే తాడుని ఎవరైనా నానబెడతారా?

మధ్యాహ్నం భోజనం బాగా చేశారు. చాలా రోజుల తరవాత రెండోసారి వడ్డించమన్నారు. వదిన సంతోషించింది. నేను జాకెట్లో చాకు ఉందో లేదో తడుముకున్నాను. "రేపు ఈపాటికి మనసు తేలికవుతుంది" అన్నారు ఆయన, చెయ్యి కడుక్కుంటూ. ఎవరితోనూ కాదు, పంపుతో అన్నట్టు.

రేపు వదినని ఎక్కడికీ వెళ్ళనివ్వను. నేను షెడ్డు గుమ్మంలోనే కూర్చుంటాను. బియ్యమో పప్పో ఏదో ఒకటి ఏరుతూ కూర్చుంటాను.

శనివారం

నిన్న రాయలేకపోయాను. చేతులు ఒరుసుకుపోయాయి. ఈరోజు నెమ్మదిగా రాస్తున్నాను.

నిన్న పొద్దుటి నుంచీ షెడ్డు గుమ్మంలో కూర్చున్నాను. ఒకసారి, ఒక్కసారే, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని వదిన కేకేస్తే లేచాను. చక్రం మోగుతూనే ఉంది కదా అని పాలు దించి, పొంగిందంతా కడిగి, పొయ్యి తుడిచేసరికి చాలాసేపైంది, అప్పుడు ఆగింది చక్రం. వెనక్కి పరిగెత్తాను. షెడ్డు తలుపు లోపల గొళ్ళెం పెట్టి ఉంది. ఆయన ఎప్పుడూ గొళ్ళెం పెట్టరు.

పిలిచాను. తలుపు చెక్కల సందులోంచి చూశాను. దూలానికి తాడు వేలాడుతోంది. దాని కింద స్టూలు. స్టూలు మీద ఆయన కాళ్ళు.

తరవాత ఏం చేశానో నాకు ముక్కలుగానే గుర్తుంది. భుజంతో తోశాను. గొళ్ళెం పాతది, మేకులతో సహా ఊడిపోయింది. వెళ్ళి ఆయన మోకాళ్ళని వాటేసుకుని పైకెత్తాను. నేను! ఆయన బరువు ఎంతో నాకు తెలుసు. ఎత్తాను. "వదినా" అని అరిచానో "నాన్నా" అని అరిచానో తెలియదు. స్టూలు తిరగబడింది. ఇద్దరం కింద ఇసుకలో పడ్డాం. నేలంతా ఇసుక ఎందుకుందో అప్పుడు ఆలోచించలేదు. ఆయన మెడ తడిమి చూశాను. ఏమీ లేదు. ఇంకోసారి తడిమాను.

"ఏంటే ఇది? నడుం విరగ్గొట్టావు!"

"తాడెందుకు? తాడెందుకండీ?"

"కోయడానికి!"

అప్పుడు చూశాను. దూలానికి ఒకటి కాదు, మూడు తాళ్ళున్నాయి. ఒక్కోదాని చివర ఒక్కో పెద్ద రాయి కట్టి ఉంది, నేలకి జానెడు ఎత్తులో. తాళ్ళు తడిగా, ఇసుక పట్టి ఉన్నాయి. ఆయన మూడోదానికి రాయి కట్టి, పైన దూలం దగ్గర ముడి బిగిస్తున్నారు.

వదిన గరిటెతో వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. నేను ఆయన మెడ చుట్టూ వేసిన చెయ్యి తియ్యలేదు. ఆయన నా వైపు, దూలం వైపు, స్టూలు వైపు చూశారు. మొహం మారిపోయింది.

"అదా నువ్వు అనుకున్నది?"

నేను తల ఊపాను.

"అందుకా ఇంట్లో కత్తులన్నీ మాయమయ్యాయి? వాటిని చూడలేకపోతున్నావేమో అనుకున్నానే. అందుకే అడగలేదు. వాడి బూట్లు రోజూ తీసి చూసుకుంటాను నేను. నాన్న చాకూ నా చాకూ అందులో కనబడితే, నువ్వే వాడికి తోడుగా పెట్టావనుకున్నాను."

"తలుపెందుకు వేశారు?"

"నువ్వు ఇది చూడకూడదని."

వదిన గరిటె కింద పెట్టి, "మీ ఇద్దరూ ఒకే మంచం మీద పడుకుంటారు కదరా! ఒక్క మాట అడుక్కుని చావచ్చుగా!" అని గట్టిగా ఏడ్చింది. చావడం అన్నందుకు నాలిక కరుచుకుని ఇంకా ఏడ్చింది.

వదిన వెళ్ళాక ఆయన చెప్పారు. మావాడి చాకు ఇంటికొచ్చినప్పటి నుంచీ ఒక్కటే ఆలోచనట. ఒక్క సగం తాడు కోసినందుకే అంచు అంతగా పోయిందా? అంతగా పోయిందంటే తను మరీ పల్చగా పట్టారన్నమాట. అలాగైతే వాణ్ణి తనే చంపినట్టు. కానీ సగం తాడుకి అన్ని పళ్ళు పడతాయా? చూడాలి. అందుకని అదే ఉక్కుతో, అదే చక్రం మీద, వాడి చాకుని పక్కన పెట్టుకుని అచ్చం అలాంటిదే పట్టారు. తాడు కూడా అదే లాంచీది, ఇసుక పడవలు లాగినదే. తడిపి, ఇసుక రుద్ది, రాయి కట్టి బిగువు చేశారు.

"తాడు ఊగుతోంది. పట్టుకునే మనిషి లేక అవస్థ పడుతున్నాను" అన్నారు.

నేను లేచి రాయిని రెండు చేతులతో కిందికి లాగి పట్టుకున్నాను. తాడు నా కళ్ళకి దగ్గరగా ఉంది. అది ఒక కాలు మీద ఎలా ఉండి ఉంటుందో ఆలోచించకూడదని నా చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను.

కొత్త చాకు తగిలించారు. ఎంత తేలిగ్గా దిగిందో! పాలమీగడలోకి దిగినట్టు. చూస్తుండగానే తాడు తెగి రాయి బరువంతా నా చేతుల్లోకి వచ్చింది. ఆయన అంచు చూశారు. నేనూ చూశాను. అక్కడక్కడ చిన్నచిన్న నొక్కులు. మావాడి చాకులా లేదు. దాని పక్కన ఇది కొత్తదే అనాలి.

"ఒక తాడుకి ఇంతే" అన్నారు ఆయన.

రెండో తాడు పట్టుకున్నాను. చాకు మొదట దిగింది. తరవాత జారింది. ఆయన గట్టిగా నొక్కారు. టిక్కుమని చిన్న చప్పుడు, మళ్ళీ ఇంకోటి. అంచు విరుగుతోంది. ఆయన కోస్తున్నారు, కోస్తున్నారు, తాడు అక్కడే ఉంది. సగం దాకా వచ్చి ఆగిపోయింది. ఇంక దిగదు. ఆయన అయినా ఆపలేదు. "ఆపండి" అన్నాను. ఆపలేదు. చెయ్యి పట్టుకుని ఆపాను.

రుమాలు మీద రెండు చాకులూ పక్కపక్కన పెట్టారు. అవే పళ్ళు. అంచు అదే పక్కకి ఒరిగింది. రెండింటిలో ఏది వాడిదో దారం చూసి చెప్పాలి.

"ముందు బుంగగాడిది కోశాడు" అన్నారు ఆయన. "వాడి తాడు దానంతటది జారలేదు. మనవాడు కోశాడు. పదునంతా వాడికి పెట్టేసి, మిగిలినదాంతో..."

నేల మీద కూర్చుండిపోయారు. వాడు పోయాక ఆయన ఏడవడం నేను మొదటిసారి చూశాను. నాకు భయం వెయ్యలేదు. ఇన్నాళ్ళూ ఏడవకపోవడమే కదా నా భయం.

కాసేపటికి మొహం తుడుచుకుని జేబులోంచి మావయ్యగారి చాకు తీశారు. లేచి మూడో తాడు దగ్గరకి వెళ్ళారు.

"ఇదీ చూసేద్దాం. నాన్న చాకైతే రెండూ కోసేదేమో."

"వద్దండీ."

"తెలియాలి కదే."

"తెలిసి ఏం చేస్తారు? కోసిందంటే నేను మళ్ళీ మీ టీ గ్లాసులు కూడా దాచుకోవాలి."

ఆయన తాడు మీద చాకు ఆనించి అలాగే నిలబడ్డారు. "నాన్నది నిదానం. నీళ్ళల్లో ఊపిరి ఎంతసేపు ఉంటుంది? ఆ మొదటి తాడు తెగేసరికే ఇద్దరూ..." అన్నారు.

నేను ఆయన చేతిలోంచి చాకు తీసుకుని మడిచాను. స్టూలెక్కి ఆ మూడో తాడు ముడి నేనే విప్పాను. ఎక్కుతుంటే ఆయన నా కాళ్ళు పట్టుకున్నారు, పడిపోతానని.

ఆదివారం

తాడుని ఇసుక పోయేదాకా ఉతికాను. పెరట్లో గోడకీ షెడ్డుకీ కట్టాను. వదిన లంగా ఆరేశాను.

కూరగాయల కత్తి పిండిలోంచి తీశాను. ఆయన తుడిచి చూసి, "దీనికి చెంపలే లేవు కదే, ఎప్పుడు సానపట్టించావు?" అన్నారు. మీ ఇంటికొచ్చాక ఒక్కసారి కూడా పట్టలేదు, ఊరందరివీ అయ్యాక కదా నాది, అన్నాను. వదిన పకపకా నవ్వింది.

సోమవారం

రేవుకి వెళ్ళాను. ఆయనకి చెప్పే వెళ్ళాను.

బుంగ నన్ను చూసి తాళ్ళ గుట్ట వెనక్కి తప్పుకోబోయాడు. నేను ఆ గుట్ట మీదే కూర్చున్నాను. ఇంక ఎక్కడికీ పోలేకపోయాడు. బుగ్గలు లేవు వాడికి. చెంపలు లోపలికి పీక్కుపోయాయి, మనిషి మీద చక్రం తిరిగినట్టు.

"నీ తాడు జారలేదు కదా?" అన్నాను.

నీళ్ళవైపు చూశాడు. "నేను పిలవలేదు పిన్నీ. నీళ్ళల్లో ఎలా పిలుస్తాను? నా చాకు ఆ రోజు ఇంట్లోనే మర్చిపోయాను. వాడే వచ్చి నా కాలు పట్టుకున్నాడు. నాకు వాడి చెయ్యే తెలుసు, మొహం కనబడలేదు. పైకొచ్చి ఊపిరి పీల్చుకున్నాక వాడూ వస్తాడనుకుని చూశాను. చూస్తూనే ఉన్నాను."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు నన్ను చూసినప్పుడల్లా..." ఆగిపోయాడు. "వాడి బదులు వీడున్నాడు అనుకోరా?"

అనుకోను అని చెబుదామనుకున్నాను. చెప్పలేకపోయాను. అనుకున్నాను కదా. ఆ క్షణాన కూడా అనుకుంటున్నాను. అందుకని, "ఇంటికి రా. బాబాయ్ నీ చాకు తెమ్మన్నారు" అన్నాను. ఆయన అలా అనలేదు. నేనే కల్పించాను.

గురువారం

బుంగ వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు. వదిన చూసి, "లోపలికి రారా, దోమలొస్తాయి" అంది. దోమలకి భయపడి వచ్చినట్టు లోపలికి వచ్చాడు.

జేబులోంచి చాకు తీసి ఆయన ముందు పెట్టాడు. గుంట చెంప. ఇక్కడ పట్టిందే, మావాడు దగ్గరుండి పట్టించిందే. ఆయన దాన్ని తిప్పితిప్పి చూశారు. చక్రం వైపు వెళ్ళలేదు. అటక మీద నుంచి మావయ్యగారి సానరాయి దించమన్నారు. దుమ్ము తుడిచి, నీళ్ళు చల్లి, నేల మీద కూర్చున్నారు. పీక్కుపోయిన చెంపకి నిండు రావాలంటే కొత్తగా ఉక్కు పెట్టలేం. అంచు దగ్గర పల్చనిదంతా అరగదీసి, మందం ఉన్నచోట పుచ్చగింజలా ఉబ్బు తేవాలి. చాకు సన్నగా, పొట్టిగా అయిపోతుంది.

"వెంట్రుక కోయదు మరి" అన్నారు ఆయన.

"నాకు వెంట్రుకలతో పనిలేదు బాబాయ్."

ఆయన మణికట్టు ఊపుతూ రాశారు. ముందు చేతికి ఆ ఊపు రాలేదు, పట్టా అలవాటైన చెయ్యి. తరవాత వచ్చింది. అచ్చం మావయ్యగారిలా, పిల్లని ఊపినట్టు. రాయి మీద ఉక్కు గొంతు చక్రంలా ఈల వెయ్యదు. తాపీగా ఉస్సుమంటుంది. నేను వంటింట్లో ఉండి విన్నాను. ఆగినప్పుడు వెళ్ళి చూడలేదు. వెళ్ళబోయాను, గుమ్మం దగ్గర ఆగాను.

బుంగ వెళ్ళేటప్పుడు బూట్ల దగ్గర ఒక్క క్షణం నిలబడ్డాడు. పెట్టుకోరా, నీ సైజే, అందామనుకున్నాను. ఇంకా అనలేను.

"రేపు లాంచీ ఉందా?" అన్నాను.

"ఉంది పిన్నీ. ఇసుక పడవే."

శుక్రవారం

పొద్దుటి నుంచీ గాలి. పెరట్లో తాడు మీద బట్టలు జెండాల్లా కొట్టుకుంటున్నాయి. ఆయన షెడ్డులో పని చేసుకుంటున్నారు. చక్రం ఆగింది, మళ్ళీ తిరిగింది, మళ్ళీ ఆగింది. నేను గమనించలేదు. గమనించలేదని ఇప్పుడు రాస్తుంటే తెలిసింది.

గుమ్మంలో నిలబడి రేవు దారి చూస్తున్నాను. లాంచీ మీద వెళ్ళిన ఆ కుర్రాడు ఇంకా రాలేదు. వెళ్ళేటప్పుడు చాకు జేబులో ఉందో లేదో అడగాల్సింది.